అడా లవ్‌లేస్: యంత్రం నడవకముందే తప్పు పట్టిన మనిషి

మన పూర్వభాగ్‌లో పుట్టి పెరిగినవారికి జకార్డ్ అట్టల సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. షోలాపూర్ చద్దర్ మీద నెమలి రావాలన్నా, పువ్వు రావాలన్నా ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్ళు నింపాలి. ఆ గళ్ళను బట్టి అట్టలకు చిల్లులు కొట్టాలి. అట్టలన్నిటినీ వరసగా కుట్టి, దండలా చేసి మగ్గం నెత్తిన ఎక్కించాలి. చిల్లు ఉన్నచోట కొక్కెం తన పడుగు పోగుల్ని పైకి లేపుతుంది, లేనిచోట పోగులు కిందే ఉంటాయి. ఒక్క చిల్లు తప్పు చోట పడిందంటే అది ఒకసారి వచ్చి పోయే తప్పు కాదు. అట్టల దండ చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా అదే పోగు లేస్తుంది. సాయంత్రానికి చూసుకుంటే ఏ నెమలికీ కన్ను ఉండదు, మాల్ అంతా సెకండ్స్ కింద పోతుంది.

అందుకే మా ఇంట్లో అట్టలు ఎక్కించేముందు చదివేవారు. ఒకరు గ్రాఫ్ ముందు పెట్టుకుని గళ్ళు చెబుతుంటే ఇంకొకరు అట్టను వెలుతురుకు పట్టి చిల్లులు చూసేవారు. మగ్గం ఆడేది కాదు, నూలు పోయేది కాదు, కరెంటు కాలేది కాదు. తప్పు మాత్రం దొరికేది. ఈ పని ఎక్కువగా మా మేనత్త చేసేది. ఆమెకు రెండు పట్టుదలలు ఉండేవి. చిల్లులు కొట్టినవాడు తన అట్టను తానే చూసుకుని బాగుందంటే ఒప్పుకునేది కాదు. గ్రాఫ్ చూశాం చాలు అన్నా ఒప్పుకునేది కాదు. మగ్గం మీదికి పోయేది అట్ట, గ్రాఫ్ కాదు కాబట్టి అట్టనే చదవాలనేది.

ఇవాళ ఈ వాడల పిల్లలు చాలామంది పుణె, హైదరాబాదు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉన్నారు. అక్కడ వాళ్ళు రోజూ చేసే పనుల్లో ఒకటి మా మేనత్త చేసినదే. కోడ్ రివ్యూ అంటారు. ప్రోగ్రాం నడపకుండా, తోటివాడు రాసిన వరసలు కూర్చుని చదివి తప్పు ఎక్కడ ఉందో చెప్పడం. ఈ పని మొదట ఎవరు చేశారని వెతుక్కుంటూ పోతే మాకు తేలిన పేరు అడా లవ్‌లేస్. లోకం ఆమెను మొదటి ప్రోగ్రామర్ అంటుంది. దాని మీద పండితుల్లో వాదులాట ఉంది, అది వాళ్ళు తేల్చుకుంటారు. మాకు మాత్రం ఆమె ఎదుటివారి లెక్క చదివి తప్పు చూపిన మనిషిగానే ఎక్కువ కనిపించింది. ఆమె చేతి కింద రెండు తప్పులు దొరక్కుండా మిగిలిపోయాయి కూడా. ఆ సంగతీ చెప్పాలి.

అడా 1815 డిసెంబరు 10న లండన్‌లో పుట్టింది. తండ్రి లార్డ్ బైరన్, ఐరోపా అంతటా పేరు మోగిన ఇంగ్లిషు కవి. తల్లి అన్నబెల్లాకు లెక్కలంటే ప్రాణం. ఆ సంసారం ఏడాది దాటి ఎంతో కాలం నిలవలేదు. అయిదు వారాల పసిగుడ్డును తీసుకుని తల్లి పుట్టింటికి వెళ్ళిపోయింది. 1816 ఏప్రిల్‌లో బైరన్ దేశం విడిచాడు, మళ్ళీ తిరిగి రాలేదు. 1824లో ఆయన గ్రీసులో కన్నుమూసేనాటికి కూతురికి ఎనిమిదేళ్ళు. తండ్రి ముఖం ఆమెకు గుర్తు లేదు.

తండ్రి ఆవేశం బిడ్డకు అంటకూడదని తల్లి ఆమెకు చిన్ననాటి నుంచే లెక్కలు చెప్పించింది. పిల్లకు మాత్రం ఊహలు ఆగలేదు. పన్నెండేళ్ళ వయసులో ఎగరాలనుకుని పక్షుల రెక్కల కొలతలు పరిశీలించింది, ఆవిరితో ఎగిరే గుర్రం చేయాలని తల్లికి ఉత్తరాలు రాసింది. 1829లో తట్టు పోసి కాళ్ళు చచ్చుబడ్డాయి. ఏడాది దాకా మంచం మీదే. తరవాత చంక కర్రల మీద మెల్లగా నడక మళ్ళీ నేర్చుకుంది. ఒంట్లో బాగులేకపోవడం ఆ తరవాత కూడా ఆమెను విడిచిపెట్టలేదు.

1833 జూన్‌లో, పదిహేడేళ్ళ వయసులో ఆమెకు చార్లెస్ బాబేజ్ పరిచయమయ్యాడు. ఆయనకు నలభై ఒకటి. భార్య పోయి కొన్నేళ్ళయింది, గణితంలో పెద్ద పేరు. ఇంట్లో ఇత్తడి చక్రాల యంత్రం ముక్క ఒకటి పెట్టుకుని వచ్చినవారికి చూపించేవాడు. పిడి తిప్పితే లెక్క తనంతట తాను సాగేది. దాని పేరు డిఫరెన్స్ ఇంజిన్.

ఆ యంత్రం ఎందుకు పుట్టిందో చెప్పకపోతే కథ అర్థం కాదు. ఆ కాలంలో ఓడలు నడిపేవారు, నక్షత్రాలు చూసేవారు అచ్చు వేసిన లెక్కల పట్టికల మీద ఆధారపడేవారు. వాటిని మనుషులే చేత్తో వేసేవారు. 1821లో బాబేజ్, ఆయన మిత్రుడు జాన్ హెర్షెల్ ఖగోళ పట్టికల కోసం ఇద్దరి చేత విడివిడిగా లెక్క వేయించి, రెంటినీ పక్కపక్కన పెట్టి సరిచూశారు. తప్పు మీద తప్పు. విసిగిపోయిన బాబేజ్‌కు ఈ లెక్కలు ఆవిరి యంత్రం చేస్తే ఎంత బాగుండు అనిపించింది. అంటే కంప్యూటర్ వంశవృక్షానికి వేరు దగ్గరే ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని తప్పులు వెతకడం ఉంది.

1834లో తల్లీకూతుళ్ళు ఇంగ్లండులో మిల్లులు, కార్ఖానాలు చూస్తూ ఊళ్ళు తిరిగారు. అక్కడ జకార్డ్ మగ్గం ఆడుతుంటే చూశారు. తల్లి చిల్లుల అట్ట ఒకటి బొమ్మ గీసుకుంది కూడా. మగ్గానికి పేరిచ్చిన జోసెఫ్ మారీ జకార్డ్ ఫ్రాన్సులోని లియోన్ ఊరివాడు. 1804 ప్రాంతంలో తయారైన ఆయన పనితనమే తరవాత ఖండాలు దాటి మన కార్ఖానాల దాకా వచ్చింది. అడా ఆ మగ్గం చూసిన ఏడే ఆయన పోయాడు. కొన్నేళ్ళకు లియోన్ నేతగాళ్ళు ఆయన బొమ్మనే పట్టు మీద నేశారు. దానికి పట్టిన అట్టలు సుమారు 24,000. బాబేజ్ ఒక ప్రతి సంపాదించి, అది గీసిన బొమ్మా నేసిన బొమ్మా అని వచ్చినవారిని అడిగేవాడట. మాకైతే వేరే సందేహం వస్తుంది. ఆ 24,000 అట్టలూ ఎక్కించేముందు కూర్చుని చదివిన కళ్ళు ఎవరివి?

ఆ అట్టలే బాబేజ్‌కు కొత్త దారి చూపాయి. డిఫరెన్స్ ఇంజిన్‌ను పక్కన పెట్టి అనలిటికల్ ఇంజిన్ అనే ఇంకా పెద్ద యంత్రం గీయసాగాడు. దీనికి ఏ లెక్క చేయాలో చిల్లుల అట్టలు చెబుతాయి. అంకెలు దాచే భాగానికి స్టోర్ అని, లెక్క చేసే భాగానికి మిల్ అని పేరు పెట్టాడు. జూనీ మిల్లు బోంగా విని పనికి పోయిన తాతల మనవలకు ఈ పేరు వింటే కొంచెం దగ్గరితనం అనిపిస్తుంది.

1835 జులైలో అడాకు విలియం కింగ్ అనే జమీందారుతో పెళ్ళయింది. మూడేళ్ళకు ఆయనకు ఎర్ల్ ఆఫ్ లవ్‌లేస్ బిరుదు రావడంతో ఆమె లవ్‌లేస్ దొరసాని అయింది. 1839 నాటికి ముగ్గురు పిల్లలు. మూడో కాన్పు అయ్యాక లెక్కలు మళ్ళీ పట్టింది. 1840 నుంచి అగస్టస్ డీ మోర్గన్ ఉత్తరాల ద్వారా ఆమెకు ఉన్నత గణితం నేర్పాడు. ఒక మెట్టు మనసుకు పట్టకపోతే ఆమె పై మెట్టు ఎక్కేది కాదు, మళ్ళీ మళ్ళీ అడిగేది. ఆమె బుద్ధిని డీ మోర్గన్ మెచ్చుకున్నాడు. ఇంత గట్టి ఆలోచన ఆడదాని ఒంటికి ఆగుతుందా అని తల్లికి రాసినదీ ఆయనే. మగ్గం దగ్గర, ఇంట్లో, బీడీల గంప దగ్గర మన ఆడవాళ్ళ ఒళ్ళు ఎంత పని మోసిందో చూసినవాళ్ళం కనుక ఆ మాట దగ్గర మేము ఎక్కువసేపు ఆగం.

1840లో బాబేజ్ ఇటలీలోని ట్యూరిన్ వెళ్ళి తన యంత్రం గురించి ఉపన్యసించాడు. విన్నవారిలో లుయీజీ మెనబ్రేయా అనే యువ ఇంజినీరు ఉన్నాడు. ఆయనే తరవాత ఇటలీ ప్రధానమంత్రి అయ్యాడు. ఆయన ఫ్రెంచిలో రాసిన వ్యాసం 1842 అక్టోబరులో వచ్చింది. అడా దాన్ని ఇంగ్లిషులోకి తెచ్చింది. సొంతంగా వివరణలు కూడా రాయమని బాబేజ్ ప్రోత్సహించాడు. ఏ నుంచి జి వరకు ఏడు వివరణలు రాసేసరికి అవి మూల వ్యాసానికి దాదాపు మూడింతలయ్యాయి. 1843లో అచ్చయిన ఆ రచన మీద ఆమె పేరు లేదు, ఏ.ఏ.ఎల్. అనే మూడు పొడి అక్షరాలు ఉన్నాయి.

ఆ జులై నెల ఆమె బతుకులో తీరిక లేని నెల. కాగితాలు ఆమె ఇంటికీ బాబేజ్ ఇంటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాయి. చివరి వివరణకు ఆమె బర్నూలీ సంఖ్యలను ఎంచుకుంది. అవి ఒకదాని మీద ఒకటి ఆధారపడి పెరిగే కష్టమైన సంఖ్యలు. మనిషి ముందుగా లెక్క చేసి ఇవ్వకుండానే యంత్రం వాటిని రాబట్టగలదని చూపాలని ఆమె ఉద్దేశం. శ్రమ తగ్గిద్దామని ఆ బీజగణితం తానే వేసి పంపానని బాబేజ్ 1864లో వచ్చిన తన ఆత్మకథలో రాసుకున్నాడు. అయితే ఆమె అది చదివి, అందులో ఆయన చేసిన పెద్ద తప్పును పట్టుకుని, దిద్దమని తిప్పి పంపిందట. ఆమె చనిపోయి పన్నెండేళ్ళయ్యాక, తన తప్పును తానే అచ్చులో ఒప్పుకున్నాడు పెద్దాయన. అది ఆయన మంచితనమే అనాలి.

ఇక్కడ గుర్తు పెట్టుకోవలసింది యంత్రం లేదని. అనలిటికల్ ఇంజిన్ అప్పటికి కాగితం మీద గీతలే. బాబేజ్ 1871లో పోయేదాకా అది పూర్తి కాలేదు. కాబట్టి తప్పు ఉందో లేదో నడిపి చూసే దారి ఆమెకు లేదు. చదివే పట్టుకోవాలి.

దానికోసం ఆమె ఒక పెద్ద పట్టిక తయారుచేసింది. అడ్డంగా 25 పనుల వరసలు. ప్రతి వరసలో ఏ గడిలోని అంకెను ఏ గడిలోని అంకెతో కూడాలి, తీసేయాలి, హెచ్చవేయాలి, భాగించాలి. వచ్చినది ఏ గడిలో పెట్టాలి. పెట్టాక ఆ గడిలో ఏముంటుంది. ఒక్కో మెట్టు తరవాత యంత్రం కడుపులో ఏముండాలో వరస పొడుగునా రాసి పెట్టింది. నేటి సాఫ్ట్‌వేర్ పిల్లలు కాగితం మీద ఇలాగే చేస్తే డ్రై రన్ అంటారు. ఇలా రాయడంలో లాభం ఏమిటంటే, ఆదేశమూ ఫలితమూ పక్కపక్కనే ఉంటాయి. చదివేవాడు రెంటినీ పోల్చుకోవచ్చు. గ్రాఫ్ పక్కన అట్ట పెట్టుకున్నట్టు.

ఆమె పెన్సిల్‌తో వేసిన ఆ పట్టికను భర్త కూర్చుని సిరాతో దిద్దాడు. ఆ కాలపు దొర భార్య లెక్కలకు సిరా పెట్టడం మాకు నచ్చిన సంగతి. తరవాత అది అచ్చుకు వెళ్ళింది. ఈలోగా బాబేజ్ ఒక వివరణను ఎక్కడో పెట్టి మరిచి ఆమె చేత చీవాట్లు తిన్నాడు. ప్రభుత్వం తనకు డబ్బివ్వలేదన్న కోపంతో రాసిన ముక్కను, తన పేరు లేకుండా ఆమె రచనతో కలపమన్నాడు. ఆమె కుదరదంది. కొన్నాళ్ళు మనసులు కష్టపెట్టుకున్నారు, మళ్ళీ కలిశారు.

ఇక తప్పుల సంగతి. మొదటిది అనువాదంలో ఉంది. ఫ్రెంచిలో సి, ఏ, ఎస్ అనే మూడక్షరాల మాటకు సందర్భం అని అర్థం. అచ్చు కూర్చినవాడి చేతిలో నడి అక్షరం మారి ఏ బదులు ఓ పడింది. దాంతో ఆ మాట కాస్తా గణితంలో కొసైన్‌కు వాడే గుర్తు అయిపోయింది. ఫలానా సందర్భంలో అని ఉండాల్సిన వాక్యం ఫలానా కొసైన్ అని తయారైంది. అక్కడ దానికి అర్థమే లేదు. అడా దాన్ని ఉన్నదున్నట్టుగా ఇంగ్లిషులోకి దింపింది. బాబేజ్‌ది పట్టిన కన్ను దీన్ని పట్టలేదు. 1985లో డొరతీ స్టైన్ అనే రచయిత్రి అడా జీవిత చరిత్ర రాస్తూ దీన్ని ఎత్తి చూపింది, అడాకు గణితం అంతంత మాత్రమే అనడానికి సాక్ష్యంగా వాడుకుంది. మేము అంత దూరం పోం. అచ్చులో ఉన్న మాటను పెద్దల మాటలా నమ్మేయడం ఎవరికైనా జరిగేదే.

రెండోది ఆ పెద్ద పట్టికలోనే, నాలుగో వరసలో ఉంది. ఆమె తీసుకున్న ఉదాహరణలో అప్పటికి నాలుగో గడిలో 7, అయిదో గడిలో 9 ఉంటాయి. చేయవలసింది 7ను 9తో భాగించడం. పట్టికలోని ఆదేశం అయిదో గడిని నాలుగో గడితో భాగించమని ఉంది, అంటే 9ని 7తో. అదే వరసలో కొంచెం కుడికి పోతే ఫలితం దగ్గర మాత్రం సరైన రూపమే ఉంది, చిన్నది పైన, పెద్దది కింద. ఆదేశం తప్పు, ఫలితం ఒప్పు, మధ్యలో జానెడు కాగితం. యంత్రం ఉండి ఉంటే, ఆ అట్టలు ఎక్కించి ఉంటే, చివరి సంఖ్య తప్పుగానే వచ్చేది.

ఇది ఆమె పెన్సిల్‌లో జారిందా, సిరాలోనా, అచ్చు కూర్చేటప్పుడా అని ఎవరైనా వాదించవచ్చు. మాకు కనిపించేది వేరే. పెన్సిల్ నుంచి సిరాకు, సిరా నుంచి సీసపు అక్షరాలకు ఆ పట్టిక మూడు చేతులు మారింది. చేయి మారిన ప్రతిసారీ కొత్త తప్పుకు సందు దొరుకుతుంది. బాబేజ్ లెక్క అడాకు పరాయిది, అందుకే తప్పు కొట్టొచ్చినట్టు కనిపించింది. తన పట్టికలో ఏమి ఉండాలో ఆమెకు ముందే తెలుసు. అలా తెలిసిన కన్ను ఉన్నదాన్ని కాక ఉండాల్సినదాన్ని చదువుతుంది. మా మేనత్త అయితే ఆ చివరి అచ్చు కాగితాన్ని ఇద్దరికీ ఇవ్వకుండా మూడో మనిషికి ఇచ్చేది.

అడా ఆ స్థాయి రచన మళ్ళీ చేయలేదు. జబ్బు తిరగబెట్టింది, నొప్పికి నల్లమందు కలిపిన మందులు వాడింది. గుర్రప్పందేల్లో చెడ్డగా అప్పులపాలైంది. అత్తింటి వజ్రాలు తాకట్టు పెట్టింది. ఒకసారి విడిపిస్తే మళ్ళీ పెట్టింది. లెక్కలు ఇంత తెలిసిన మనిషి పందెం దగ్గర ఎందుకు ఓడిందని అడిగేవారుంటారు. లెక్క తెలియడం వేరు, ఆశ వేరు. గర్భాశయ క్యాన్సర్ వచ్చి నెలల తరబడి బాధపడి 1852 నవంబరు 27న కన్నుమూసింది. వయసు 36. తండ్రి పోయిన వయసూ అదే. తన కోరిక ప్రకారం, ముఖం ఎరగని ఆ తండ్రి పక్కనే హక్నల్ ఊరి చర్చిలో ఆమెను ఉంచారు.

తరవాత వందేళ్ళు ఆ వివరణలను పట్టించుకున్నవారు తక్కువ. 1950లో ఆలన్ ట్యూరింగ్ తన ప్రసిద్ధ వ్యాసంలో ఆమె అభిప్రాయాన్ని ఎత్తుకుని చర్చించాడు. 1953లో బౌడెన్ కంప్యూటర్ల మీద తెచ్చిన పుస్తకంలో వివరణలు మళ్ళీ అచ్చయ్యాయి. 1980లో అమెరికా రక్షణ శాఖ తన ప్రోగ్రామింగ్ భాషకు అడా అని పేరు పెట్టి, ఆ ప్రమాణ పత్రానికి ఆమె పుట్టిన 1815ను అంకెగా ఇచ్చింది.

చదివి తప్పు పట్టే పనికి కట్టుదిట్టమైన పద్ధతి మాత్రం 1970ల్లో వచ్చింది. ఐబీఎం కంపెనీలో మైకేల్ ఫేగన్ అనే ఇంజినీరు 1976లో దాన్ని ప్రచురించాడు. నలుగురైదుగురు కూర్చోవాలి, రెండు గంటలకు మించకూడదు. ఒకరు రాసినదాన్ని వేరొకరు తన మాటల్లో చదివి చెప్పాలి. కూర్చున్న చోట తప్పు పట్టడమే, దిద్దడం తరవాత. అన్నిటికంటే గట్టిది ఇంకో నియమం. అక్కడ దొరికిన తప్పులను బట్టి ఆ ఉద్యోగి పనిని పై అధికారి బేరీజు వేయకూడదు. లేకపోతే రేపు ఎవడూ తన కాగితం బల్ల మీద పెట్టడు. కార్ఖానాలో డ్యామేజ్ అయితే కూలి కోసే అలవాటు ఎరిగినవారికి ఈ నియమం విలువ తెలుస్తుంది. కూలి కోస్తారన్న భయం ఉన్నచోట తప్పు బయటపడదు, మడతల్లోకి పోతుంది.

మా ఇంటి అమ్మాయి ఒకతె పుణెలో టెస్టింగ్ పని చేస్తుంది. మొన్న పండక్కి వచ్చినప్పుడు అడా పట్టిక అచ్చు తీసి ఏమీ చెప్పకుండా చేతిలో పెట్టాం. మా మేనత్తకు మనవరాలి వరస. వేలు పెట్టి ఒకటో వరస, రెండో వరస, మూడో వరస చదువుకుంటూ పోయింది. నాలుగో దగ్గర ఆగింది. కుడివైపుకు వెళ్ళి మళ్ళీ ఎడమకు వచ్చింది. పెన్సిల్ అడిగి తీసుకుని ఆ రెండు గడులకూ గుండ్రం చుట్టి, అయిదో వరసకు పోయింది.